ఎన్95 నుంచి కడిగి వాడే మాస్కుకు: మా ఐసీయూలో చేసిన పద్ధతి

ఎన్95 ఒకసారి పెట్టుకుని పారేయడానికి చేసిన మాస్కు. 2020లో కోవిడ్ వచ్చాక దాన్నే పేరు రాసిన కాగితం సంచిలో వేసి, ఐదు రోజులు ఆగి, మళ్లీ ముఖానికి తగిలించుకున్నాం. మనిషికి ఐదు మాస్కులిచ్చి రోజుకొకటి వంతుల మీద వాడించమని కొరత రోజుల కోసం అమెరికా అంటువ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పిన పద్ధతి అది. కాగితం సంచిలో వైరస్ చచ్చిపోవచ్చు. మాస్కు మాత్రం కొత్తది కాదు. తల వెనకాల ఎలాస్టిక్ సాగిపోతుంది. ముక్కు మీది రేకు వంచగా వంచగా చేవ కోల్పోతుంది. లోపలి అంచున మెత్తగా ఉండే స్పాంజి పట్టీ చెమటకు అణిగిపోతుంది. కంపెనీ వేరే లెక్క చెప్పకపోతే ఒక మాస్కును ఐదుసార్లకు మించి పెట్టుకోవద్దని సీడీసీ హద్దు పెట్టింది అందుకే. రెండో వేవ్ నాటికి మా ఐసీయూలో ఆ ఐదు ఎప్పుడు దాటిందో లెక్క రాసేవాళ్లు లేరు.

పారేయాల్సినదాన్ని పదేపదే వాడటం కంటే, పదేపదే వాడటానికే చేసినదాన్ని తెచ్చుకుని సరిగ్గా కడుక్కోవడం మేలు. మేం రబ్బరు హాఫ్ మాస్కులకు మారింది ఈ ఒక్క ఆలోచనతోనే. ఎలాస్టోమెరిక్ రెస్పిరేటర్ అని దీని అసలు పేరు. ముక్కు, నోరు, గడ్డం కలిపి కప్పే సిలికాన్ లేదా మెత్తటి రబ్బరు తొడుగు. బుగ్గల పక్కన పావు మలుపుతో బిగిసే రెండు ఫిల్టర్లు. గాలి లోపలికి వచ్చే చోట రెండు, బయటికి పోయే చోట ఒకటి పల్చటి రబ్బరు రేకులు. తలకూ మెడకూ పట్టీలు. అంతే వస్తువు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడ ఫార్మా సిటీలోనో పనిచేసేవాళ్లకు ఇది చూపించి ఏమిటని అడిగితే నవ్వుతారు, వాళ్లకు రోజూ వాడే సామాను. కొత్తంతా ఆస్పత్రులకే. ఆ మాటకొస్తే అన్ని ఆస్పత్రులకూ కాదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో టీబీ ఆస్పత్రిలో వీటిని ఏళ్ల తరబడి వాడుతున్నారు. మేరీలాండ్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ 2009 స్వైన్ ఫ్లూ సమయంలో తెచ్చుకుంది. ఆస్పత్రుల్లో వీటి వాడకంపై అమెరికా నేషనల్ అకాడమీస్ 2018లోనే పూర్తి నివేదిక ఇచ్చింది. 2020లో పిట్స్‌బర్గ్‌లోని అలెఘెనీ హెల్త్ నెట్‌వర్క్ తన సిబ్బందిని ఎన్95ల నుంచి వీటికి మార్చి, నెల ఖర్చు కనీసం పది రెట్లు తగ్గుతుందని లెక్క ప్రచురించింది.

కొనే దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాను కొట్టుకు వెళ్లి "హాఫ్ మాస్కు, కార్ట్రిడ్జ్‌తో" అని అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది పెయింటు, థిన్నర్ వాసనలు ఆపే కార్ట్రిడ్జ్. లోపల ఉండేది బొగ్గు. అది ఆవిరిని పట్టుకుంటుంది, వైరస్ మోసే తుంపరను కాదు. మాస్కులను పరీక్షించి అనుమతిచ్చే అమెరికా సంస్థ నియోష్ రంగుల లెక్కలో నల్ల పట్టీ అంటే ఆర్గానిక్ వేపర్, అంటే రసాయనాల ఆవిరి; ముదురు గులాబీ అంటే పీ100, కణాలను ఆపే ఫిల్టరు. మనకు కావలసింది ఆ గులాబీది. ఎన్95 పరీక్షలో కనీసం 95 శాతం కణాలను ఆపాలి, పీ100 ఆపాల్సింది 99.97 శాతం. పీ అంటే నూనె తుంపరకూ తట్టుకుంటుందని, ఎన్ అంటే తట్టుకోదని అర్థం. ఫిల్టర్లలోనూ రెండు రకాలు: బట్ట బిళ్లలా మెత్తగా ఉండేది, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది. బిళ్ల తేలిక, కానీ దాని పైభాగాన్ని తుడవలేం. మందులో తడిపిన గుడ్డతో డబ్బాను పైనుంచి తుడవవచ్చు. ఐసీయూకు డబ్బా రకమే తెచ్చుకోండి. ఇంకొకటి, ఒక కంపెనీ మాస్కుకు మరో కంపెనీ ఫిల్టరు బిగించవద్దు. బిగిసినట్టే ఉంటుంది, కానీ అంచున రబ్బరు రింగు సరిగ్గా కూర్చోదు, మాస్కుకున్న అనుమతీ చెల్లదు.

పీ100 చూసి చాలామంది "అయితే ఇది ఎన్95 కంటే ఎన్నో రెట్లు రక్షణ" అనుకుంటారు. కాగితం మీద రెండింటి రక్షణ అంకె ఒకటే. పనిచేసేవాళ్ల భద్రత చూసే అమెరికా సంస్థ ఓషా నిబంధనల్లో హాఫ్ మాస్కు ఏదైనా, పారేసేదైనా కడిగేదైనా, 10 కింద లెక్క. బయటి గాలిలో ఉన్నదాంట్లో పదో వంతుకు మించి లోపలికి రాదని దాని భావం. ఫిల్టరు అంత మంచిదైనప్పుడు మిగతాది ఎక్కణ్నుంచి వస్తుంది? అంచు నుంచి. ముఖానికీ రబ్బరుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటే గాలికి ఫిల్టరు దాటి రావాల్సిన అవసరమే లేదు. అందుకే డబ్బు ఫిల్టరు మీద కంటే ముందు, మాస్కు ముఖానికి సందు లేకుండా పట్టిందో లేదో చూసే ఫిట్ టెస్ట్ మీద పెట్టాం.

ఫిట్ టెస్ట్ అంటే పెద్ద యంత్రమేదో కావాలనుకోవద్దు. అంకెలు చెప్పే మిషను ఉంటే మంచిదే, హాఫ్ మాస్కుకు కనీసం 100 రావాలి, అంటే బయటి కణాలు లోపలివాటికి వంద రెట్లు ఉండాలి. లేకపోతే నాలుకతో చేసే పరీక్ష చాలు. తలమీద పారదర్శకమైన గుడారం లాంటి తొడుగు, ముక్కుకు ఎదురుగా దానికో రంధ్రం, ఆ రంధ్రంలోంచి తీపి ద్రావణం తుంపరగా కొట్టే చేతి నెబ్యులైజర్, అంతే సరంజామా. ద్రావణం సాకరిన్. ముందు మాస్కు లేకుండా పల్చటిది కొట్టాలి, 100 మి.లీ. నీటిలో 0.83 గ్రాములు. నోరు కొంచెం తెరిచి, నాలుక బయటపెట్టి ఊపిరి పీల్చమనాలి. పది నొక్కుల్లో తీపి తెలిస్తే పది, తెలియకపోతే ఇంకో పది, మొత్తం ముప్పై దాకా. ఎన్నింటికి తెలిసిందో రాసుకోవాలి. ముప్పైకి కూడా తెలియనివాళ్లకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇది కోవిడ్ కాలంలో చిన్న విషయం కాదు. జబ్బు వచ్చి తగ్గిన స్టాఫ్ నర్సుల్లో కొందరికి అప్పటికింకా రుచి తిరిగి రాలేదు. వాళ్లు గుడారంలో కూర్చుని "ఏం తెలియట్లేదు సార్" అంటే మాస్కు బాగా పట్టిందని రాసేసే ప్రమాదం ఉంది. మాస్కు లేకుండా చేసే మొదటి పరీక్ష ఎగ్గొట్టకూడదనేది ఇందుకే. అలాంటివాళ్లకు చేదుగా ఉండే బిట్రెక్స్ ద్రావణం వాడి చూడాలి. అదీ తెలియకపోతే మిషను పరీక్షకే పంపాలి. ఇంకో నియమం, పరీక్షకు ముందు 15 నిమిషాలు మంచినీళ్లు తప్ప ఏమీ నోట్లో వేసుకోకూడదు. టీ తాగి వచ్చినవాళ్లు, వక్కపొడి నములుతూ వచ్చినవాళ్లు మళ్లీ వంతు దాకా ఆగాల్సిందే.

నోరు పుక్కిలించి, తీపి పోయాక మాస్కు పెట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఆ తర్వాత అసలు ద్రావణం, మొదట కొట్టిన పల్చటిదానికి వంద రెట్లు చిక్కనిది. మొదట ఎన్ని నొక్కులకు తీపి తెలిసిందో అన్నే నొక్కాలి, ఆపైన ప్రతి 30 సెకన్లకూ అందులో సగం. ఈ లోపల ఒక్కొక్కటి నిమిషం చొప్పున ఏడు పనులు: మామూలు ఊపిరి, గట్టి ఊపిరి, తల పక్కలకు, తల పైకీ కిందికీ, మాట్లాడటం, నడుము వంచడం, మళ్లీ మామూలు ఊపిరి. మాట్లాడే నిమిషంలో చదవడానికి ఇంగ్లిషు పేరా ఇవ్వకండి. చదవడం రాక గొణిగితే దవడ కదలదు, పరీక్ష తేలికైపోతుంది. తెలుగు పేపరు చేతికిచ్చి బెడ్ పక్కన మాట్లాడేంత గట్టిగా చదవమన్నాం. నోటికొచ్చిన పద్యం చెప్పినా సరే, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టినా సరే. ఎక్కువమందికి తీపి తగిలింది ఆ మాటల నిమిషంలో, లేదంటే తల పైకెత్తినప్పుడు.

తీపి తగిలితే ముందుగా అందరూ చేసే పని పట్టీలు ఇంకా లాగడం. అది సందును పెంచుతుంది. రబ్బరు ముక్కు దగ్గర మడత పడుతుంది, గడ్డం కింద లేస్తుంది. పట్టీ వదులు చేసి, గడ్డాన్ని కప్పులో ముందు కూర్చోబెట్టి, పై పట్టీని నడినెత్తికి జరిపి మళ్లీ చేయాలి. అయినా తగిలితే సైజు మార్చాలి. మా దగ్గర నర్సులకు చిన్న సైజే ఎక్కువగా అవసరమైంది. "అన్నీ మీడియం పంపేయండి" అని ఆర్డరు పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. జడ ముడి ఎత్తుగా వేసుకుంటే పై పట్టీ జారుతుంది, ముడి కిందికి వేసుకోవాలి. నెబ్యులైజర్‌ను ప్రతి నాలుగు గంటలకు కడగకపోతే సాకరిన్ గడ్డకట్టి తుంపర సన్నబడుతుంది. అప్పుడు అందరూ పాసవుతారు. మధ్యాహ్నం నుంచి వరసగా అందరూ పాసవుతున్నారంటే మాస్కును కాదు, నెబ్యులైజర్‌ను అనుమానించండి.

గడ్డం విషయం మెత్తగా చెప్పాలి, కానీ చెప్పాలి. అంచు తగిలే చోట రెండు రోజుల గడ్డం ఉన్నా సీలు నిలవదు. ఎన్95కూ ఇదే నియమం, కాకపోతే అక్కడ ఎవరూ పరీక్షించరు కాబట్టి బయటపడదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు గీసుకోరు. తిరుపతి మొక్కున్నవాళ్లూ అంతే. దీక్షను తప్పుపట్టే హక్కు మనకు లేదు, వాళ్లను సీలు లేని మాస్కుతో ఇంట్యుబేషన్‌కు, అంటే రోగి గొంతులోకి గొట్టం వేసే పనికి పంపే హక్కూ లేదు. తలంతా కప్పి, బ్యాటరీతో గాలి కొట్టే వదులు తొడుగు పీఏపీఆర్ ఉంటే అది వాళ్లకివ్వాలి, లేకపోతే ఆ రోజులకు కోవిడ్ వార్డు డ్యూటీ వేయకూడదు. రోస్టరు రాసేటప్పుడే, కార్తీకం రాకముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఫిట్ టెస్ట్ ఏడాదికోసారి. సీల్ చెక్ మాత్రం పెట్టుకున్న ప్రతిసారీ. ఇందులో రెండున్నాయి, రెండూ వేర్వేరు లోపాలు పట్టుకుంటాయి. ఒక్కటి చేసి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ, అందుకే విడమర్చి చెబుతున్నాం. మొదటిది: గడ్డం దగ్గర, గాలి బయటికి పోయే వాల్వు మీద అరచెయ్యి అడ్డం పెట్టి మెల్లగా ఊపిరి వదలాలి. మాస్కు కొంచెం ఉబ్బి అలాగే నిలవాలి. ఉబ్బకపోతే అంచున సందున్నట్టు, లేదా లోపలి రెండు రేకుల్లో ఒకటి లేనట్టు. కడిగాక ఆ రేకు పెట్టడం మరిచిపోతే వదిలిన తడి గాలి ఫిల్టర్లోకి ఎదురు పోతుంది. రెండోది: రెండు ఫిల్టర్లనూ చేతులతో మూసి మెల్లగా పీల్చాలి. మాస్కు ముఖానికి అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టినంతసేపూ అలాగే ఉండాలి. ఉండకపోతే అంచు, ఫిల్టరు రింగు, లేదా బయటి వాల్వు కారుతున్నట్టు. మొదటి చెక్‌లో ఆ వాల్వును మనమే చేత్తో మూస్తాం కాబట్టి దాని లోపం అందులో బయటపడదు. పీల్చి చూస్తేనే తెలుస్తుంది.

ఆ బయటి వాల్వు రేకును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా, సిగరెట్ కాగితమంత మెత్తగా, మధ్యలో చిన్న కాడతో ఉంటుంది. ఊపిరి వదిలితే అంచు లేస్తుంది, పీల్చితే టక్కున కూర్చుంటుంది. దాని కింద ఒక్క పోగు పడితే చాలు. మాకు అదే జరిగింది. కడిగిన మాస్కులను వార్డులో దొరికే గాజ్ గుడ్డతో తుడుస్తున్నారు. మర్నాడు డ్యూటీలో వరసగా పీల్చే చెక్ తప్పింది. మూత తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే రేకు కింద తెల్లటి నూలు పోగు. కంటికి ఆనేంత కూడా లేదు, కానీ ప్రతి ఊపిరికీ వార్డు గాలి వడపోత లేకుండా అటునుంచే వస్తుంది. అప్పటినుంచి తుడవడం మానేశాం, జాలీ ట్రేలో ఆరబెట్టడమే.

ఇక కడగడం. మాస్కు కొనడం డబ్బుతో అయ్యే పని, కడగడం మనుషులతో అయ్యే పని. ఎక్కడైనా ఈ పద్ధతి కూలిపోయేది ఇక్కడే. ముందు ఫిల్టర్లు తీసి పక్కన పెట్టాలి. ఫిల్టరు నీళ్లలో మునిగితే దాన్ని పారేయడం తప్ప దారి లేదు. ఎన్95లోనూ, చాలా ఫిల్టర్లలోనూ పనిచేసేది కరెంటు ఆవేశం పట్టించిన పాలీప్రొపిలీన్ పొర. సబ్బునీళ్లు, స్పిరిట్ తగిలితే ఆ ఆవేశం పోతుంది, పొర చూడటానికి మాత్రం కొత్తగానే ఉంటుంది. ఎన్95 మీద శానిటైజర్ కొట్టుకునేవాళ్లకు ఇది ముఖ్యంగా తెలియాలి. ఫిల్టర్లు తీశాక రేకులు, పట్టీలు విడదీసి, 43 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లలో గాఢత లేని సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్దాలి. శుభ్రమైన గోరువెచ్చటి నీళ్లలో జాడించాలి. అప్పుడు హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్, బ్లీచ్ ద్రావణం.

హైపో దగ్గర చెయ్యి జారుతుంది. ఓషా పద్ధతిలో చెప్పింది 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు), రెండు నిమిషాలు. సీసా మీద 5 శాతం అని ఉంటే లీటరు నీటికి 1 మి.లీ. వార్డులో గచ్చు తుడవడానికి కలిపి పెట్టే 1 శాతం బకెట్ అంటే 10,000 పీపీఎం, దీనికి 200 రెట్లు. అందులో రాత్రంతా నానబెడితే రబ్బరు పెళుసెక్కుతుంది. కంపెనీ కరపత్రంలో వేరే గాఢత, వేరే సమయం ఉంటే దాన్నే పాటించాలి. అది గోడమీద తెలుగులో రాసి అంటించాలి. హైపో ఎండకు, వేడికి బలం కోల్పోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలపాలి. సబ్బుతో కడగకుండా నేరుగా ముంచితే మందంతా చెమట, జిడ్డు మీదే ఖర్చయిపోతుంది. చివర బాగా జాడించకపోతే మర్నాడు మాస్కు అంచు తగిలిన మేర ముఖం మీద ఎర్రటి గీత లేస్తుంది. మాస్కు పడలేదనుకుని వదిలేసినవాళ్లలో చాలామందికి పడనిది మాస్కు కాదు, ఆ మిగిలిపోయిన మందు.

వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ మాత్రం వద్దు. అలవాటు ప్రకారం ఒక ట్రే మాస్కులను 121 డిగ్రీలకు పంపితే ప్లాస్టిక్ భాగాలు వంకరపోయి వచ్చాయి. ఏ ఒక్కటీ మళ్లీ సీలు పట్టలేదు.

మొదట ఎవరి మాస్కు వాళ్లే కడుక్కోవాలని పెట్టాం. ఆరు గంటలు పీపీఈ కిట్‌లో ఉండి బయటికొచ్చిన మనిషి రేకులు విప్పి రెండు నిమిషాలు నానబెడుతుందనుకోవడం అన్యాయం. రోగికీ రోగికీ మధ్య పైపైన తుడుచుకోవడం మాత్రమే వాళ్ల పని అని, డ్యూటీ దిగాక పూర్తిగా విప్పి కడగడం ఇద్దరు మనుషుల పనిగా విడగొట్టాం. ప్రతి తొడుగు మీదా ఉద్యోగి నంబరు, చిన్న భాగాలకు అదే నంబరున్న వల సంచి. ఇది లేకపోతే ఒకరి మాస్కు రేకు మరొకరి మాస్కులో చేరుతుంది. కడిగేవాళ్లకు గ్లవ్స్, కళ్లద్దాలు, వాళ్ల సొంత మాస్కు ఇవ్వాలి. వాళ్ల ఫిట్ టెస్ట్ కూడా మిగతావాళ్లతో పాటే చేయాలి. మొదటి వరసలో ఉండాల్సింది వాళ్లే.

పెట్టుకున్నవాళ్ల కష్టాలు నిజమైనవే. మాట సగమే వినిపిస్తుంది. మందు పేరు, మోతాదు చెప్పాక అవతలివాళ్లు తిరిగి చెప్పాలన్న నియమం తప్పనిసరి, తెల్ల బోర్డు మీద రాసి చూపితే ఇంకా మంచిది. ఏసీ లేని వార్డులో మే నెల ఎండకు గడ్డం కప్పులో చెమట నిలిచి మాస్కు జారుతుంది. గంటన్నరకోసారి బయటికొచ్చి తుడుచుకునే వెసులుబాటు రోస్టరులోనే ఉండాలి. గాగుల్స్ కింద మాస్కు, పైన తల కప్పే హుడ్ వస్తాయి కాబట్టి సీల్ చెక్ హుడ్ వేసుకోకముందే చేయాలి. విప్పేటప్పుడు మాస్కు అన్నిటికంటే చివర, గది బయట, ఫిల్టరును తాకకుండా పట్టీలు పట్టుకునే.

వాల్వు గురించి అడగని డాక్టరు లేడు. మనం వదిలే గాలి వడపోత లేకుండా రోగి మీదికి పోతుంది కదా అని. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ వాల్వున్న ఎన్95లు వద్దని రాష్ట్రాలకు రాసింది కూడా. అదే ఏడాది డిసెంబరులో నియోష్ వాల్వున్న ఎన్95లను కొలిచి చూస్తే, మోడల్‌ను బట్టి 1 శాతం లోపు నుంచి 55 శాతం దాకా కణాలు బయటికొచ్చాయి. మామూలు సర్జికల్ మాస్కుతో పోల్చితే ఇవి అంతే, లేదా అంతకంటే మెరుగు. అయినా ఆపరేషన్ థియేటర్‌లో తెరిచిన కడుపు మీద వాల్వు నుంచి చెమట చుక్క పడకూడదు. అక్కడికి వాల్వు లేనిదో, వాల్వు మీద కూడా ఫిల్టరు బిగించేదో వాడాలి. వాల్వు లేని హాఫ్ మాస్కులకు నియోష్ అనుమతి 2020లోనే వచ్చింది. కోవిడ్ రోగులే ఉన్న ఐసీయూలో వాల్వు మీద సర్జికల్ మాస్కు కట్టుకుని పనిచేశాం, అంచును తాకకుండా.

లెక్క మీరే వేసుకోండి. 40 మంది స్టాఫ్, నెలకు 24 డ్యూటీలు, డ్యూటీకి ఒక ఎన్95 అనుకుంటే నెలకు 960. అవన్నీ ఆస్పత్రి చెత్త వేసే పసుపు సంచిలోకి పోవాల్సినవే. అదే 40 మందికి 40 తొడుగులు, 80 ఫిల్టర్లు, సైజుకు కొన్ని అదనం, రేకుల ప్యాకెట్లు. దుమ్ము, నూనె లేని ఆస్పత్రి గాలిలో పీ100 ఫిల్టరును తడవనంతవరకు, పగలనంతవరకు, ఊపిరి బరువెక్కనంతవరకు ఏడాది దాకా వాడవచ్చని సీడీసీ చెప్పింది. బిగించిన తేదీని మార్కర్‌తో దాని మీదే రాయాలి. ఖర్చులో కడిగేవాళ్ల జీతం కూడా కలపండి. అది కలపకుండా చూపే లెక్క మోసం.

వేవ్ తగ్గాక ఈ మాస్కులను పెట్టెలో పడేసి మరిచిపోకూడదు. ఒకదానిమీద ఒకటి కుక్కితే అంచు వంగిపోతుంది, అలాగే గట్టిపడుతుంది. పట్టీలతో మేకుకు వేలాడదీసినా, ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టినా అంతే. తడి లేకుండా ఆరాక, ఒక్కోదాన్ని విడిగా, గాలి ఆడే సంచిలో, ముఖం వైపు పైకి ఉండేలా పెట్టాలి. ఫిల్టర్లు సీలు తీయకుండా వేరే అరలో. మా స్టోరులో నెలకోసారి ఒక స్టాఫ్ నర్సు వాటిని బయటికి తీస్తుంది. రబ్బరును వేళ్లతో సాగదీసి పగుళ్లు చూస్తుంది, పట్టీ లాగి వదులుతుంది, మూత తీసి రేకు వంకర తిరిగిందేమో చూస్తుంది, రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెడుతుంది. టీబీ రోగి వచ్చినా, మళ్లీ ఫ్లూ వచ్చినా ముందు తీసేది ఆ అరలోవే.